చికిత్స ముగిసిన మర్నాటి నుంచి ఏం చేయాలి?

సంపాదకులకు నమస్కారం.

వ్యసనాల గురించి పత్రికల్లో వచ్చే కథనాలను కొన్నేళ్లుగా శ్రద్ధగా చదువుతున్నాను. వాటిలో అధిక భాగం ఒక కుటుంబం ఎలా ఛిద్రమైందో చెప్పి ముగుస్తాయి. తక్కినవి ఆ మనిషి చికిత్సలో చేరడంతోనో, కోలుకుని ఇల్లు చేరడంతోనో శుభం పలుకుతాయి. ఇంటికి వచ్చిన మర్నాడు ఆ మనిషి ఎన్నింటికి లేచాడు, లేచి ఏం చేశాడు, సాయంత్రం ఎవరితో గడిపాడు అన్న సంగతి ఎక్కడా కనిపించదు. మానేసిన అలవాటు మానేసినట్టుగా నిలవడమా, మళ్లీ మొదలవడమా అన్నది చాలావరకు ఆ రోజుల్లోనే తేలుతుంది కనుక, వాటి గురించి రాయమని కోరుతూ ఈ ఉత్తరం పంపుతున్నాను. మా ఇంట్లో ఒకరు ఈ దారిలో నడుస్తున్నారు. అటువంటివారి కుటుంబ సభ్యులు కలుసుకునే సమావేశాలకు నేను క్రమం తప్పకుండా వెళతాను. నేను వైద్యురాలిని కాను. వైద్యానికి సంబంధించి ఇక్కడ చెప్పేవి ఆ రంగంలో స్థిరపడిన విషయాలు మాత్రమే.

చికిత్స తొలి దశ ఏం చేస్తుందో, ఏం చేయదో ముందుగా స్పష్టం కావాలి. ఏళ్ల తరబడి అధికంగా మద్యం తాగినవారు ఒక్కసారిగా మానేస్తే, చివరిసారి తాగిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుండెదడ మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజులు గడిచాక కొందరిలో డెలీరియం ట్రెమెన్స్ అనే తీవ్ర స్థితి ఏర్పడుతుంది. మనిషికి తానెక్కడ ఉన్నదీ తెలియదు, లేనివి కనిపిస్తాయి, జ్వరం వస్తుంది, వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. విటమిన్ బి1 లోపం వల్ల మెదడు దెబ్బతినకుండా చూడవలసిందీ ఆ సమయంలోనే. అందుకే అలవాటు తీవ్రంగా ఉన్నవారిని గదిలో పెట్టి తలుపు వేసి మాన్పించాలని ఇంటివారు ప్రయత్నించడం ప్రమాదకరం. బెంజోడయజపైన్ తరగతికి చెందిన నిద్రమాత్రలను చాలాకాలం వాడినవారి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. వాటిని వైద్యుల పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించాలి తప్ప హఠాత్తుగా ఆపకూడదు.

ఈ ఘట్టం చాలామందిలో వారం పది రోజుల్లో ముగుస్తుంది. శరీరం కుదుటపడుతుంది, ముఖంలో కళ వస్తుంది, ఆకలి పుడుతుంది. చూసినవారందరూ ఇక భయం లేదనుకుంటారు. నిజానికి నిద్ర సరిగా పట్టకపోవడం, ఊరికే చిరాకు రావడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం నెలల తరబడి ఉంటాయి. ఏళ్లపాటు బయటినుంచి వచ్చిన మత్తుకు అలవాటుపడిన మెదడు మామూలు సంతోషాలకు మళ్లీ స్పందించడానికి అంత వ్యవధి పడుతుంది. ఆ నెలల్లో మనిషి మొద్దుబారినట్టు కనిపిస్తే దాన్ని కృతజ్ఞత లేకపోవడంగానో, ఇంటిమీద మమకారం లేకపోవడంగానో తీసుకోకూడదని ప్రతి కుటుంబానికీ ఎవరైనా ముందే చెప్పాలి. చెప్పేవారు లేకనే చాలా ఇళ్లలో మొదటి తగాదా మొదలవుతోంది.

హెరాయిన్, మార్ఫిన్ వంటి నల్లమందు జాతి మత్తుపదార్థాల నుంచి బయటపడినవారి విషయంలో ఇంకొక అపాయం ఉంది; దీన్ని గురించి ఎంత గట్టిగా చెప్పినా ఎక్కువ కాదు. కొన్ని వారాలు మానేసేసరికి శరీరం ఆ మందును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. అప్పుడు పాత మోతాదునే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. చికిత్సా కేంద్రం నుంచో, జైలు నుంచో విడుదలైన తొలి వారాల్లోనే ఇటువంటి మరణాల ముప్పు అత్యధికంగా ఉంటుందని పలు దేశాల పరిశోధనలు చూపాయి. ఆ స్థితిలో నలోక్సోన్ అనే మందును వెంటనే ఇస్తే ఊపిరి తిరిగి అందుతుంది. అది ఎక్కడ దొరుకుతుందో, ఎలా వాడాలో డిశ్చార్జికి ముందే కుటుంబానికి నేర్పడం ఆ కేంద్రం బాధ్యతగా ఉండాలి.

ఇక ఈ ఉత్తరానికి ప్రధానమైన విషయానికి వస్తాను. వ్యసనం మనిషి రోజంతటినీ ఆక్రమిస్తుంది. డబ్బు సంపాదించడం, సరుకు సంపాదించడం, వాడడం, వాడినట్టు తెలియకుండా దాచడం, ఆ మత్తు దిగాక కోలుకోవడం, మళ్లీ డబ్బు వెతకడం: పొద్దున్న లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా చేయవలసిన పని ఉండేది. అది పోయిన రోజున ఆ గంటలన్నీ ఖాళీగా మిగిలిపోతాయి. స్నేహితులూ ఆ పనిలో భాగమైనవారే కనుక వారూ ఉండరు. ఏ ఆనందానికైనా, ఏ దుఃఖానికైనా ఒకే మందు వాడిన మనిషికి ఇప్పుడు సాయంత్రం ఆరు గంటలకు ఏం చేయాలో తెలియదు. బలమైన సంకల్పం ఉంటే చాలునని సలహా ఇచ్చేవారు ఈ ఖాళీని ఊహించలేరు. సంకల్పం ఉదయం బలంగా ఉంటుంది; అలసట, ఒంటరితనం తోడైన సాయంత్రానికి తగ్గుతుంది. కాబట్టి ఆ సాయంత్రాన్ని ఉదయమే నిర్ణయించి పెట్టుకోవాలి.

మా సమావేశాల్లో విన్నదాన్నిబట్టి, చూసినదాన్నిబట్టి చెబుతున్నాను: మొదటి నెలల్లో గొప్ప లక్ష్యాల కంటే సమయపాలన ఎక్కువ మేలు చేస్తుంది. రాత్రి నిద్ర పట్టినా పట్టకపోయినా ఉదయం ఒకే సమయానికి లేవడం, వేళకు తినడం, రోజూ కొంతసేపు నడవడం, స్నానం చేసి ఉతికిన బట్టలు వేసుకోవడం, మర్నాటి పనులను ముందురోజు రాత్రే కాగితం మీద రాసుకోవడం. ఇవి పిల్లలకు చెప్పే మాటల్లా వినిపించవచ్చు. కానీ ఏళ్లుగా పగలుకూ రాత్రికీ తేడా లేకుండా బతికిన మనిషి వీటిని తిరిగి నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు. రోజును గంటల వారీగా రాసుకున్నవారిలో కొందరు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని తిరగడం నాకు తెలుసు. ఏ వేళలో మనసు లాగుతోందో దాని పక్కన గుర్తు పెట్టుకుంటారు. రెండు మూడు వారాలు గడిచేసరికి అపాయకరమైన వేళలేవో వారికే తెలిసిపోతుంది. ఇంత చవకగా, ఇంత కచ్చితంగా పనిచేసే సాధనం మరొకటి నేను చూడలేదు.

మనసు లాగడం గురించి కూడా కొంచెం చెప్పాలి. అది మొదలైనప్పుడు ఇక ఆగదనీ, లొంగేదాకా పెరుగుతూనే ఉంటుందనీ మనిషికి అనిపిస్తుంది. నిజానికి అది ఒక స్థాయికి చేరి, దానంతటదే తగ్గుతుంది. చాలాసార్లు అరగంట కూడా పట్టదు. ఆ కాసేపు గడవడానికి ఎవరికి ఫోన్ చేయాలో, ఎటు నడవాలో ముందే తెలిసి ఉండాలి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అనే నాలుగింటినీ ఎప్పటికప్పుడు గమనించుకోమని కోలుకుంటున్నవారు ఒకరికొకరు చెప్పుకుంటారు. చాలాసార్లు ఆ లాగుడు వెనుక ఈ నాలుగింటిలో ఒకటి ఉంటుంది; తినగానే, లేదా పడుకోగానే అది సగానికి తగ్గుతుంది.

పరిసరాల ప్రభావం ఎంతటిదో చెప్పే పరిశోధన ఒకటుంది. వియత్నాం యుద్ధం నుంచి 1971లో తిరిగివచ్చిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు అధ్యయనం చేశారు. అక్కడ ఉండగా వారిలో దాదాపు ఐదో వంతు మంది హెరాయిన్ వంటి మత్తుమందులకు బానిసలయ్యారు. స్వదేశానికి వచ్చిన మొదటి ఏడాదిలో వారిలో మళ్లీ ఆ స్థితికి చేరినవారు సుమారు 5 శాతం మాత్రమే. ఆ ఫలితాన్ని అప్పట్లో చాలామంది నమ్మలేదు. యుద్ధభూమి, తోటి సైనికులు, చేయి చాస్తే దొరికే మందు, భయం, విసుగు, ఇవన్నీ ఒక్కసారిగా వెనకబడిపోవడం దానికి ఒక ముఖ్య కారణమని తర్వాతివారు వివరించారు. మామూలుగా చికిత్స ముగించుకున్న మనిషి పరిస్థితి దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆయన దూరంగా ఉన్నచోట మానేసి, వాడిన చోటికే, వాడినప్పటి గదికే, అప్పటి మిత్రుల మధ్యకే తిరిగి వస్తాడు. అందరూ నివాసం మార్చుకోలేరు, అలా మార్చుకోవాలని నేనూ చెప్పడం లేదు. ఉన్న ఇంట్లోనే గది అమరిక మార్చవచ్చు, పనికి వెళ్లే దారి మార్చవచ్చు, ఫోన్లోని కొన్ని నంబర్లు తీసివేయవచ్చు, జీతం అందే రోజున పక్కన ఒకరు తోడుండవచ్చు. చేతిలో నగదు ఉండడమే కొందరికి మొదటి ప్రేరణ అవుతుంది; అటువంటివారు తమ ఇష్టంతోనే కొన్నాళ్లు లెక్కలు మరొకరికి అప్పగిస్తే తప్పు లేదు. బలవంతంగా లాక్కుంటే మాత్రం అది మరో తగాదాకు కారణమవుతుంది.

ఇదే దారిలో నడిచిన మరో మనిషి తోడు దొరకడం వీటన్నిటికంటే పెద్ద ఆసరా. తాగుడు మానాలనుకునేవారు కలుసుకుని ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సమూహం పుట్టుకలోనే ఈ సంగతి ఉంది. 1935లో వ్యాపారపు పనిమీద అమెరికాలోని ఆక్రాన్ నగరానికి వచ్చిన బిల్ విల్సన్, ఆ పని చెడిపోయి, తెలియని చోట ఒంటరిగా మిగిలినప్పుడు, తాగుడు సమస్య ఉన్న మరో మనిషితో మాట్లాడితే తప్ప తాను నిలవలేనని గ్రహించి వెతుక్కున్నాడు. అలా కలిసిన వ్యక్తి బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు. సహాయం చేసేవాడికీ అందుకునేవాడికీ ఇద్దరికీ అది అవసరమైంది. కుటుంబ సభ్యుల కోసం ఆల్-అనాన్ 1951లోనూ, మత్తుమందుల నుంచి కోలుకుంటున్నవారి కోసం నార్కోటిక్స్ అనానిమస్ 1953లోనూ మొదలయ్యాయి. ఇవి కేవలం ఓదార్పు సభలనే అభిప్రాయం ఒకటి ఉంది. వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2020లో ప్రచురించిన సమీక్ష 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా వ్యక్తుల సమాచారాన్ని పరిశీలించి, ఈ సమావేశాల వైపు పద్ధతి ప్రకారం నడిపించే చికిత్స, పూర్తిగా మానివేయడం విషయంలో ఇతర మానసిక చికిత్సలకు తీసిపోదనీ, కొన్ని కొలమానాల్లో వాటికంటే మెరుగనీ తేల్చింది. ఈ సమూహాల్లోని ఆధ్యాత్మిక భాష కొందరికి నచ్చకపోవచ్చు. అటువంటివారికి స్మార్ట్ రికవరీ వంటి, ఆలోచనా విధానాన్ని సరిదిద్దుకునే పద్ధతుల మీద ఆధారపడిన సమూహాలున్నాయి. ఒకచోట మొదటిరోజు కుదరలేదని వదిలివేయకుండా మరికొన్ని సమావేశాలు చూడమని మాత్రం గట్టిగా చెబుతాను. నోరు విప్పకుండా వెనక వరుసలో కూర్చుని వినేవారికీ అక్కడ చోటు ఉంటుంది.

మందుల సహాయంతో కోలుకుంటున్నవారిని చిన్నచూపు చూడడం నన్ను ఎంతో బాధిస్తుంది. నల్లమందు జాతి వ్యసనానికి వాడే మెథడోన్, బుప్రెనార్ఫిన్ మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. అవి మరణాలను తగ్గిస్తాయని బలమైన ఆధారాలున్నాయి. మద్యం విషయంలో నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, డైసల్ఫిరామ్ వాడుకలో ఉన్నాయి. వీటిలో డైసల్ఫిరామ్‌ను మనిషికి తెలియకుండా ఆహారంలో కలిపి పెట్టాలనే ఆలోచన కొందరు కుటుంబ సభ్యులకు వస్తుంది. అది ఎంతమాత్రం చేయకూడదు. ఆ మందు శరీరంలో ఉండగా మద్యం తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. ఏ మందైనా ఆ వ్యక్తికి తెలిసి, ఆయన ఒప్పుకొని, వైద్యుల సూచనతో వాడవలసిందే. అలా వాడుతున్న వ్యక్తిని ఒక మత్తు వదిలి మరో మత్తు పట్టాడని అనడం అన్యాయం. వేళకు మందు వేసుకుని, పనికి వెళ్లి, పిల్లల్ని చూసుకుంటున్న మనిషి కోలుకోనట్టా?

కుటుంబాల గురించి రాయవలసి వచ్చినప్పుడు నా మాట కాస్త కఠినంగా ఉండవచ్చు. ఎన్నోసార్లు మోసపోయిన ఇంటివారికి అనుమానం సహజం. కానీ బాత్రూమ్‌లో కాస్త ఆలస్యమైతే తలుపు తట్టడం, జేబులు వెతకడం, దగ్గరికి వచ్చి ఊపిరి వాసన చూడడం రోజూ జరిగే ఇంట్లో ఆ మనిషి తనను మనిషిగా భావించుకోలేడు. దీనికి బదులు ఇద్దరూ కూర్చుని కొన్ని నియమాలు ముందుగా ఒప్పుకోవడం మంచిది: పరీక్ష అవసరమైతే ఎప్పుడు, ఎవరి దగ్గర, డబ్బు ఎవరి చేతిలో, ఎంతకాలం, ఆలస్యమైతే ఏ వేళకు ఫోన్ చేయాలి. ఒప్పుకున్న నియమం ఇద్దరినీ కాపాడుతుంది. మత్తులో లేని వేళల్లో దగ్గర కూర్చుని మాట్లాడడం, కలిసి తినడం, మెచ్చుకోవడం, మత్తులో ఉన్నప్పుడు వాదనకు దిగకుండా పక్కకు తప్పుకోవడం కుటుంబాలకు నేర్పే శిక్షణా పద్ధతి ఒకటి ఉంది. దాన్ని క్రాఫ్ట్ అంటారు. బతిమాలడం కంటే, నిలదీయడం కంటే ఆ పద్ధతిలో ఎక్కువమంది చికిత్సకు ఒప్పుకున్నారని అధ్యయనాలు చూపాయి. అయితే చేయి చేసుకునే మనిషి ఉన్న ఇంట్లో ఈ సలహాలేవీ వర్తించవు. అక్కడ ముందు భార్యాపిల్లల భద్రత చూడాలి. కోలుకుంటున్నాడనే కారణంతో దెబ్బలు భరించాలని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. పిల్లలకు కూడా వారి వయసుకు తగినట్టు నిజం చెప్పాలి. ఇంట్లో ఏం జరిగిందో పిల్లలకు ఎప్పుడూ తెలుసు. ఎవరూ మాట్లాడకపోతే అది తమ తప్పేమోనని వారు లోలోపల నలిగిపోతారు.

మానేసినవారు మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇంటిల్లిపాదికీ కలిగే నిస్పృహ మాటల్లో చెప్పలేనిది. 2000లో ఒక ప్రముఖ అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, చికిత్స తర్వాత ఏడాదిలోపు తిరిగి వాడినవారు 40 నుంచి 60 శాతం దాకా ఉన్నారు. రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారిలో జబ్బు తిరగబెట్టే స్థాయి దీనికి తక్కువేమీ కాదని అదే విశ్లేషణ తెలిపింది. రక్తపోటు మళ్లీ పెరిగిన రోగిని ఎవరూ ఇంట్లోంచి వెళ్లగొట్టరు, మందు మార్చి చూస్తారు. ఇక్కడ కూడా ఒకసారి జారడానికీ, పూర్తిగా పాత జీవితంలోకి వెళ్లిపోవడానికీ మధ్య కొన్ని గంటలో, కొన్ని రోజులో వ్యవధి ఉంటుంది. అంతా అయిపోయింది, ఇన్ని నెలల శ్రమా వృథా అనే సిగ్గు ఆ వ్యవధిలో మనిషిని మరింత లోపలికి నెడుతుంది. ఆ రాత్రే ఎవరికైనా చెప్పగలిగితే, మర్నాడు వైద్యుడిని కలవగలిగితే, చాలామంది వెనక్కి వస్తారు. కాబట్టి జారితే ఏం చేయాలన్నది బాగున్న రోజుల్లోనే రాసిపెట్టుకోవాలి. అలా రాసుకోవడం అపశకునమని భయపడేవారిని చూశాను. దయచేసి ఆ భయాన్ని పక్కన పెట్టండి.

ఉద్యోగం గురించి యజమానులు ఆలోచించవలసింది చాలా ఉంది. పని వల్ల జీతంతో పాటు వేళకు లేచే కారణం, తనకోసం ఎదురుచూసేవారు, చేయగలననే నమ్మకం దొరుకుతాయి. మొదటి నెలల్లో కొన్ని గంటలు తగ్గించడం, సమావేశానికో వైద్యుడి దగ్గరికో వెళ్లడానికి వెసులుబాటు ఇవ్వడం, ఆ సంగతి తోటివారి మధ్య కబుర్లలోకి రాకుండా చూడడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పేరుకుపోయిన అప్పుల విషయంలోనూ ఇంతే. అన్నిటినీ ఒకేసారి తీర్చాలనే ఒత్తిడి మనిషిని కుంగదీస్తుంది; అప్పులవాళ్లతో కూర్చుని నెలకు ఇంతని ఒప్పుకునేటప్పుడు పక్కన ఒక పెద్దమనిషి ఉంటే ఆ ఒప్పందం నిలుస్తుంది.

అయ్యా, తమ పత్రికను కోరేది ఇది. చికిత్సలో చేరేదాకా కాకుండా, చేరి బయటికి వచ్చిన తర్వాతి ఏడాది గురించి వారానికి ఒకసారైనా చోటు కేటాయించండి. ఏళ్లుగా నిలకడగా ఉన్నవారు పేరు బయటపెట్టకుండా తమ దినచర్యను చెప్పడానికి ముందుకొస్తారు. వారి మాటలు ప్రచురించండి. కుటుంబ సభ్యుల సమావేశాలు ఎక్కడ, ఏ వేళల్లో జరుగుతాయో, ఎలా సంప్రదించాలో ఆ కథనం కిందే స్పష్టంగా ఇవ్వండి, ఎందుకంటే చదివిన ఆ క్షణంలోనే ఫోన్ చేసే ధైర్యం ఉంటుంది, పేజీ తిప్పాక ఉండకపోవచ్చు. మరొక ముఖ్యమైన విన్నపం. వ్యసనం గురించిన కథనం పక్కన నిండు గ్లాసు, సీసా, సూది, పొడి వంటి బొమ్మలు వేయకండి. అటువంటి దృశ్యాలు చూడగానే కోలుకుంటున్నవారి మెదడులో పాత కోరిక రేగుతుందని పరిశోధనలు పదేపదే నిర్ధారించాయి. ఆ కథనాన్ని అందరికంటే ఆశగా తెరిచి చదివేది వారే.

ఇట్లు,
భవదీయురాలు,
కుటుంబ సభ్యుల సమావేశానికి వెళ్లే ఒక పాఠకురాలు